గరిటె లెక్క

తెలుగువాళ్ల ఇంట్లో పొయ్యి మీద పప్పు ఒక్కటే ఉడుకుతుంది. కంచాల్లోకి వచ్చేసరికి అది నలుగురికి నాలుగు తీర్లవుతుంది. ఒకరికి ముద్దపప్పు మీద పచ్చిపులుసు పోసుకుంటేనే ముద్ద దిగుతుంది. ఇంకొకరికి ఆవకాయ, నెయ్యి తప్ప మరేదీ పప్పు దరిదాపులకు రాకూడదు. పిల్లవాడు పోపులో ఎండుమిరపకాయ కనిపిస్తే కంచం అవతలికి నెట్టేస్తాడు. నాయనమ్మ అన్నీ దాటుకుని నేరుగా పెరుగన్నానికి వెళ్లి, అందులోకి పొద్దుటి వంకాయకూర నంజుకుంటుంది. ఇవేవీ వంటల పుస్తకాలకు ఎక్కవు. ఎవరికి ఏది పడదో, ఎవరికి ఏది లేకపోతే అన్నం సయించదో ఆ ఇంట్లో గరిటె పట్టిన మనిషికే తెలుసు. ఇంటి తిండికీ హోటల్ తిండికీ ఉన్న తేడా రుచిలో కంటే ఈ ఎరుకలోనే ఎక్కువ.

ఇలాంటి అలవాట్లలో కొన్ని దాదాపు అన్ని ఇళ్లకూ ఉమ్మడివి. గిన్నె అడుగున పట్టిన మాడు కోసం ప్రతి ఇంట్లోనూ ఒకరు కాచుకుని ఉంటారు. మిగతావాళ్లకు అది పాడైన అన్నం. ఆ ఒక్కరికి మాత్రం ఉప్పూ కారం నూనె వేసి కలుపుకోవలసిన అపురూపం. పెరుగు మీద కట్టిన మీగడ ఎవరి కంచంలో పడిందనేది పిల్లల మధ్య చిన్న తగవేమీ కాదు. పెనం మీద మొదటి అట్టు సరిగా రాదు, దాన్ని ఎవరూ చూడకముందే వండేవాళ్లే తినేస్తారు.

వీటన్నిటిలోకీ మిన్న ఆవకాయ కలిపిన బేసిన్. ముక్కల్ని జాడీలోకి ఎత్తాక అంచులకు అంటుకుని ఆవపిండీ కారం నూనె ఎర్రగా మిగులుతాయి. అందులో పొగలు కక్కే అన్నం కుమ్మరించి, నెయ్యి వేసి, బేసిన్ తుడిచినట్టు కలిపి, చుట్టూ మూగినవాళ్ల చేతుల్లో ముద్దలు పెడతారు. కొత్త కారానికి కళ్లల్లో నీళ్లు తిరుగుతూనే ఉంటాయి, చేతులు మళ్లీ చాపుతూనే ఉంటారు. మర్నాడు అదే ఆవకాయ జాడీలోంచి తీసి కంచంలో కలుపుకుంటే ఆ రుచి రాదు. అందుకే జాడీ నిండిందన్న సంతోషం పెద్దవాళ్లదైతే, బేసిన్ ఖాళీ అయిందన్న సంతోషం పిల్లలది.

ఒకే ఊళ్లో, ఒకే బంధువర్గంలో ఉన్నంతకాలం ఎవరి అలవాటు వారికి వింతగా తోచదు. పక్కింటి కంచం చూసినప్పుడే అది తెలిసివస్తుంది. హైదరాబాద్‌లో అలా పక్కింటి కంచం కనిపించే చోట్లలో తార్నాక ఒకటి. నిజాం తోటకు కట్టిన తీగ కంచె, దాని దగ్గరి కాపలా నాకా కలిసి తార్‌నాకా అయిందని పాతవాళ్లు చెబుతారు. దాన్ని ఆనుకుని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. గన్‌ఫౌండ్రీ దగ్గర మొదలైన చదువులు తర్వాత ఈ విశాలమైన ఆవరణకు వచ్చాయి. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ చుట్టుపక్కలే జాతీయ పరిశోధన సంస్థలు ఒక్కొక్కటిగా వెలిశాయి. పాఠం చెప్పేవాళ్లు, ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లు, ఆఫీసు గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు కుటుంబాలతో వచ్చి తార్నాక, హబ్సిగూడ, లాలాపేట, సీతాఫల్‌మండిలో స్థిరపడ్డారు. క్వార్టర్స్‌లో వరంగల్ వంటిల్లూ గుంటూరు వంటిల్లూ ఒకే గోడకు అటూ ఇటూ అయ్యాయి.

మొదటి తికమక మాటల దగ్గరే. ఒకరు పుంటికూర అంటే ఇంకొకరు గోంగూర అంటారు. గోకరకాయ గోరుచిక్కుడవుతుంది, ఆలుగడ్డ బంగాళాదుంపవుతుంది. తొక్కు పచ్చడవుతుంది, చల్ల మజ్జిగవుతుంది, గర్జలు కజ్జికాయలవుతాయి. శనగపప్పూ బెల్లం పూర్ణం పెట్టి ఒత్తి కాల్చేదాన్ని బొబ్బట్టు, భక్ష్యం, పోలె, ఓళిగ అని నాలుగు దిక్కులవాళ్లు నాలుగు పేర్లతో పిలుస్తారు. ఏ పేరుతో పిలిచేవాళ్లకు ఆ పేరుదే అసలు రుచి. పేర్ల వెనకాల చేతివాటమూ మారుతుంది. కోస్తా ఇంట్లో చింతపండు పులుసు మరిగి చిక్కబడాలి. తెలంగాణ పచ్చిపులుసుకు పొయ్యితో పెద్దగా పనిలేదు. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కొత్తిమీర నలిపి వేసి, చాలా ఇళ్లలో వేయించిన నువ్వుల పొడి కలుపుతారు. హైదరాబాద్ ముస్లిం ఇళ్లలో పొద్దున ఖిచిడీ, ఖీమాతో పాటు వడ్డించే ఖట్టా కూడా ఈ చింతపండూ నువ్వుల కలయికే. మతాలూ యాసలూ వేరైనా రెండు వంటిళ్లు ఒకే పుల్లదనం దగ్గర కలుసుకున్నాయి. ఊరు పెట్టిన రుచి అంటే ఇదే.

ఇదే తార్నాకలో, ఈ తిండినంతా తూకం వేసి లెక్కగట్టే సంస్థ ఒకటి ఉంది. జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది కూడా 1918లోనే, నీలగిరి కొండల్లోని కూనూరులో. రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో దాన్ని చిన్నగా మొదలుపెట్టారు. 1958లో అది హైదరాబాద్ వచ్చి, జామై ఉస్మానియా ప్రాంతంలో విశ్వవిద్యాలయానికి పొరుగు అయింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. ఒకే ఏడాది పుట్టిన రెండు సంస్థలు నలభై ఏళ్లకు ఇరుగుపొరుగు అయ్యాయన్నమాట. పోషకాహార సంస్థను చాలాకాలం నడిపిన కొలత్తూర్ గోపాలన్ కూడా 1918లో పుట్టినవారే.

బెరిబెరి తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. ఉత్తర సర్కారుల తీరంలో, బియ్యమే ప్రాణమైన ప్రాంతంలో, అది ఒకప్పుడు పాతుకుపోయిన జబ్బు. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టించిన బియ్యానికి తవుడుతో పాటు థయమిన్ అనే విటమిన్ పోతుంది. మిగిలిన కాస్తా నాలుగుసార్లు కడిగిన కడుగులోనూ, వార్చి పారబోసిన గంజిలోనూ పోతుంది. మల్లెపువ్వులాంటి అన్నం మీద మనసుపడడం అంత ఖరీదైన అలవాటు. ఆ గంజిని పారబోయకుండా ఉప్పు వేసుకుని తాగిన ఇళ్లు, చద్దన్నంలో పోసుకున్న ఇళ్లు, తరవాణి కుండ పెట్టుకున్న ఇళ్లు విటమిన్ పేరు తెలియకుండానే పోయేదాన్ని కొంత నిలుపుకున్నాయి. జొన్న తినే దక్కన్ పేదల్లో కనిపించిన పెల్లాగ్రా ఇంకో కథ. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం ఈ జబ్బుకు కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. జొన్నరొట్టె తప్పు చేసిందని దీనర్థం కాదు. రొట్టె పక్కన పప్పో పాలో ఆకుకూరో లేని కంచం తప్పు అది.

ఎవరు ఎంత తింటున్నారో తెలుసుకోవడానికి ఈ శాస్త్రానికి ఉన్న దారి చివరికి వంటింట్లోకే వెళ్తుంది. ఒక పద్ధతిలో వండబోయే సరుకుల్ని వండకముందే తూస్తారు. ఇంకొక పద్ధతిలో గడిచిన 24 గంటల్లో ఏం తిన్నారో అడిగి రాసుకుంటారు. సర్వేకు వచ్చినవాళ్లు రకరకాల సైజుల ప్రామాణిక గిన్నెలు వరసగా పెట్టుకుని కూర్చుంటారు. నిన్న బియ్యం ఎన్ని పోశారు, పప్పు ఎంత వేశారు, ఉడికాక మొత్తం ఎంతైంది, పెద్దాయనకు ఏ గిన్నెడు పెట్టారు, పిల్లకు ఏ గిన్నెడు పెట్టారు అని అడుగుతారు. వండిన మొత్తంలో ఒక్కొక్కరి వంతు ఎంతో తేలితే, పచ్చి సరుకులో వారి వంతు లెక్కకు వస్తుంది. తక్కెడలూ పట్టికలూ ఉన్న ఇంత పెద్ద సంస్థ ఆధారపడేది ఒక ఇల్లాలి జ్ఞాపకం మీద. ఆ జ్ఞాపకం గట్టిది. చిన్నదానికి అరగరిటె పప్పు, అబ్బాయికి రెండోసారి వడ్డించిన కూర, మామగారు వద్దన్నా వేసిన చారెడు అన్నం అన్నీ గుర్తుంటాయి. తన వంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా ఇళ్లలో వచ్చే జవాబు, మిగిలింది తిన్నాను అనే. ఏ గిన్నెతో కొలుస్తారు దాన్ని? అందరూ లేచాక, అడుగున మిగిలినదానితో సరిపెట్టుకునే ఆ అలవాటును కుటుంబాలు ప్రేమగా చెప్పుకుంటాయి. అది ప్రేమే కావచ్చు, కానీ ఆ కంచం చిన్నదైపోయిన సంగతి కూడా నిజమే. రక్తం తక్కువైందని డాక్టరు చెప్పాక గానీ ఇంట్లోవాళ్లు ఆ కంచం వైపు చూడరు.

ఇన్నేళ్ల తూకాల ఫలితం పట్టికలుగా అచ్చయింది. గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కూర్చిన భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం 1971 నుంచి డాక్టర్లకూ విద్యార్థులకూ చేతిపుస్తకమైంది. 2017లో వచ్చిన కొత్త పట్టికల్లో 528 ఆహారాలున్నాయి. పాత పుస్తకంలో 100 గ్రాముల కరివేపాకులో 830 మిల్లీగ్రాముల కాల్షియం అని ఉంటుంది. ఆవుపాలలో అది 120. కూరలో కరివేపాకులా తీసేశారు అనే మాట తెలుగులో ఎందుకు పుట్టిందో కంచాల అంచులు చూస్తే తెలుస్తుంది. వాసన తీసుకుని ఆకు పక్కన పెట్టడం దాదాపు అందరి అలవాటూ. నిజానికి పోపులో పడే నాలుగు రెబ్బల బరువు ఎంతని? ఆ నాలుగూ తిన్నా ఎముకలకు ఒరిగేది స్వల్పమే. ఆకును నిజంగా కడుపులోకి పంపే దారి ఇంటి ఆడవాళ్లు వేరే కనిపెట్టారు. వేయించి, ఎండుమిరప, ధనియాలు, చింతపండుతో దంచి కరివేపాకు పొడి చేశారు. వేడన్నంలో మొదటి ముద్దగా దాన్ని నెయ్యితో కలిపిస్తే, ఆకులు ఏరి పారేసిన పిల్లలే ఇంకొంచెం అడుగుతారు.

ఆహార సర్వేలకు ఒక నియమం ఉంది. పండగ రోజు, ఉపవాసం రోజు, ఇంట్లో విందు జరిగిన రోజు లెక్కలోకి తీసుకోరు. అవి మామూలు రోజులు కావు, వాటిని బట్టి తిండిని అంచనా వేస్తే తప్పుతుంది. శాస్త్రానికి అది న్యాయమే. ఇంటికి మాత్రం ఏడాది జ్ఞాపకమంతా ఆ లెక్కలోకి రాని రోజుల్లోనే ఉంటుంది.

బతుకమ్మ తొమ్మిది రోజులకు తొమ్మిది పేర్లుంటే అందులో ఎక్కువ తిండి పేర్లే. పెత్రమాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ తర్వాత అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ వరసగా వస్తాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు నైవేద్యం లేదు. అమ్మవారు అలిగితే అన్నం ముట్టదని ఊహించిన జనం ఎంత ఇంటిమనుషులో చూడాలి. ఏడో రోజు బియ్యప్పిండితో వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో రోజు వెన్నముద్దలు. చివరిది సద్దుల బతుకమ్మ. పెరుగన్నం, పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులు కట్టుకుని వెళ్లి, బతుకమ్మను నీళ్లలో విడిచాక పళ్లెం పళ్లేనికి పంచుకుంటారు. ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థినులు బతుకమ్మ ఆడిన రోజుల్లో, ఊళ్లో తల్లి ఈ సద్దులే కలుపుతూ ఉంటుంది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండగలయ్యాయి. బోనం అనే మాటే భోజనం నుంచి వచ్చింది. ఆషాఢంలో కొత్త కుండలో వండిన అన్నాన్ని నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లి అమ్మవారికి సమర్పిస్తారు.

సంక్రాంతి వస్తే సకినాలు. వీటిని ఒక్క మనిషి చేసుకోవడం కష్టం. రాత్రి నానబెట్టిన బియ్యం వాడేసి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. అందులో నువ్వులు, ఓమ, ఉప్పు కలిపి నీళ్లతో తడుపుతారు. నేల మీద ఉతికిన పాత ధోవతి పరిచి, ఇరుగుపొరుగు ఆడవాళ్లు చుట్టూ కూర్చుంటారు. గుప్పెట్లో పిండి పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పుతూ వదిలితే తాడులా జారి చుట్టు తిరుగుతుంది. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఆనీ ఆనకుండా, మూడో నాలుగో వచ్చాక కొస నొక్కి ఆపుతారు. పిండి పొడిబారితే తాడు విరుగుతుంది, జారైతే చుట్టు కూలుతుంది. ఎన్ని నీళ్లు పోయాలో చెప్పే పుస్తకం లేదు, బియ్యం పాతదో కొత్తదో వేళ్లే చెబుతాయి. బట్ట కొంత తడి పీల్చుకున్నాక ఒక్కొక్కటి విరగకుండా ఎత్తి నూనెలోకి జారవిడుస్తారు. ఎవరు చుట్టిన సకినం ఏదో ఆ గుంపులో అందరికీ గుర్తే. ఒకరి మెలిక సన్నం, ఒకరిది లావు. క్వార్టర్స్‌లో కోస్తా నుంచి వచ్చిన ఇల్లాలు మొదటి ఏడాది పిండి తాడు పట్టలేక బట్ట పక్కన కూర్చుని చూస్తుంది. మూడో ఏడాదికి ఆమె చుట్లు లెక్కలోకి వస్తాయి. బదులుగా ఆ ఇంటి అరిసెల పాకం పక్కింటికి చేరుతుంది. బెల్లం పాకం నీళ్లల్లో వేస్తే ఉండ కట్టిందా లేదా అని చూసే ఆ క్షణంలో రెండిళ్లవాళ్లూ ఊపిరి బిగబట్టి నిలబడతారు.

రంజాన్‌లో హలీం బట్టీల వాసన రోడ్లకు వస్తుంది. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ పండగనాడు పొరుగింటికి నడిచివచ్చేది హలీం కాదు, మూత పెట్టిన గిన్నెలో షీర్‌ఖుర్మా. క్రిస్మస్‌కు తెలుగు క్రైస్తవుల ఇళ్లలో కేకు పక్కన గులాబీ పువ్వులూ కజ్జికాయలూ ఉంటాయి. మృగశిర కార్తె నాడు ఇంగువా బెల్లం కలిపిన ఉండ, సాయంత్రానికి చేపల పులుసు. ఈ ఇళ్లన్నిటికీ ఒక మర్యాద ఉమ్మడిగా ఉంది. వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు. ఇంకేమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేస్తారు.

విశ్వవిద్యాలయం హాస్టళ్లలో ఇంటి తిండి డబ్బాలో బతుకుతుంది. దసరా, సంక్రాంతి సెలవులయ్యాక విద్యార్థులు దిగేటప్పుడు పుస్తకాల సంచి కంటే స్టీలు డబ్బా బరువు. సకినాలు, మురుకులు, నువ్వుల లడ్డూలు, సీసాలో మామిడికాయ తొక్కు, పాత పేపర్లో చుట్టిన కారంపొడి. మెస్సులో పప్పు పలచనైన రోజు ఈ పొడే ఆదుకుంటుంది. డబ్బా ఏ జిల్లాదో మూత తీస్తే తెలుస్తుంది. ఒకరి పల్లిపొడి ఇంకొకరి నువ్వులపొడితో కలిసి, ఏ ఊళ్లోనూ లేని కొత్త ముద్ద గదిలో పుడుతుంది. మొదటి రెండు రోజుల్లో సగం డబ్బా స్నేహితులకు పోతుంది. ఆ సంగతి తెలిసే తల్లి రెట్టింపు పోస్తుంది. ఇంటి వంట ఒకసారి డబ్బా దాటి వీధిలోకీ వచ్చింది. 2011లో తెలంగాణ ఉద్యమం వంటావార్పుకు పిలుపిచ్చినప్పుడు జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నారు. నినాదం ఇచ్చినవాళ్లే కూరగాయలు తరిగారు. ఇంటి వంట బజారుకెక్కి రాజకీయమైన సందర్భం అది.

ఇప్పుడు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు ఎక్కువయ్యాయి. హైదరాబాద్‌లో అందుకు పుట్టిన ఏర్పాటు కర్రీ పాయింట్. సాయంత్రం బస్సో మెట్రోనో దిగి, పప్పు ఒక ప్యాకెట్టు, వేపుడు ఒక ప్యాకెట్టు, సాంబారు ఒక ప్యాకెట్టు కట్టించుకుని వెళ్తారు. ఇంట్లో కుక్కర్‌లో అన్నం పెడితే చాలు. దీన్ని చూసి ఇంటి వంట పోయిందని బాధపడేవాళ్లున్నారు. ఆ బాధ తొందరపాటు. పగలంతా పనిచేసి వచ్చిన మనిషి మళ్లీ రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడకుండా కాపాడిన ఏర్పాటు అది. పైగా ఆ ప్యాకెట్టు విప్పినది విప్పినట్టు కంచాల్లోకి వెళ్లదు. పప్పులో కారం పిల్లకు ఎక్కువని రెండు చెంచాల పెరుగు కలుపుతారు. పెద్దాయనకు బీపీ ఉంటే ఆయన వంతు ముందే తీసి, ఇంత వేడినీళ్లు పోసి ఉప్పు విరుస్తారు. రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలని అదే తార్నాక సంస్థ చెప్పిన మాట ఆయనకూ తెలుసు. ఆవకాయ జాడీ వైపు చూడడం మానడు, మూడు రోజులకోసారి ఒక ముక్క అని భార్యతో ఒప్పందం. సాంబారుకు ఇంటి పోపు ఒకటి మళ్లీ పడుతుంది. బజారు కూర అరగంటలో ఇంటి కూరవుతుంది. ఈ పని కొన్ని ఇళ్లలో మగవాళ్లు కూడా చేస్తున్నారు. గరిటె చేతులు మారిన ఆ ఇళ్లలో ఎవరికేది పడదన్న లెక్కతో పాటు, అందరికంటే ముందు అన్నం పెట్టవలసింది ఎవరికన్న ప్రశ్న కూడా చేతులు మారుతోంది. కుక్కర్ మూత తీశాక మొదటి కంచం, ఇన్నాళ్లూ మిగిలింది తిన్న మనిషి ముందు పెట్టిన వంటిళ్లు తార్నాకలో ఇప్పుడు లేకపోలేదు.